గేమ్‌క్యూబ్ నిజంగా పిల్లల కన్సోలేనా? ఆ ముద్ర ఎలా పడింది?

మీ ప్రశ్న ఇది: "నింటెండో గేమ్‌క్యూబ్‌ను పిల్లల కోసమే తయారు చేసిందా, లేక మార్కెటింగ్ సరిగ్గా చేయకపోవడం వల్ల ఆ పేరు పడిందా? ఎంబీఏలో బ్రాండ్ పొజిషనింగ్ మీద ప్రాజెక్టు చేస్తున్నాను."

గేమ్‌క్యూబ్ అంటే జపాన్ కంపెనీ నింటెండో చేసిన గేమ్ కన్సోల్, టీవీకి తగిలించి వీడియో గేములు ఆడుకునే పెట్టె. ముందు జవాబు చెప్పేస్తాను. పిల్లల కోసం చేయలేదు. అందరి కోసం చేసింది. కాకపోతే ఆ అందరిలో ఎవరున్నారో కొనేవాడికి చూపించలేదు. చూపించకపోయేసరికి పక్కనున్న రెండు నల్లపెట్టెలు, సోనీ ప్లేస్టేషన్ 2, మైక్రోసాఫ్ట్ ఎక్స్‌బాక్స్, పెద్దవాళ్లను తమవైపు లాగేసుకున్నాయి, మిగిలినవాళ్లు గేమ్‌క్యూబ్ వాటాకు వచ్చారు. ఇందులో ప్రకటనల తప్పు కొంతే. ఎక్కువ పని చేసింది డబ్బా రంగు, కంట్రోలర్, డిస్క్ సైజు, మొదటి ఏడాది వచ్చిన ఆటల వరస. వీటిని మార్కెటింగ్ అనరు గానీ, షాపులో నిలబడ్డవాడికి మార్కెటింగ్ అంటే ఇవే.

నేనెవరినంటే, ఇరవై ఏళ్లుగా ఎలక్ట్రానిక్ వస్తువుల మార్కెటింగ్‌లో ఉన్నాను, ఇప్పుడు హైదరాబాద్‌లో. అంతకు ముందు, 2002, 2003లలో, బర్మింగ్‌హామ్‌లో చదువుకుంటూ శని ఆదివారాలు ఒక గేమ్స్ షాపులో కౌంటర్ దగ్గర పనిచేశాను. గేమ్‌క్యూబ్ ఇంగ్లండుకు వచ్చింది 2002 మే 3న. కాబట్టి ఆ డబ్బాను అమ్మినవాడిగా కూడా కొంత చెప్పగలను.

లెక్కలతో మొదలుపెడదాం. గేమ్‌క్యూబ్ ప్రపంచం మొత్తం మీద 2 కోట్ల 17 లక్షలు అమ్ముడైంది. దానికి ముందొచ్చిన నింటెండో 64 మూడు కోట్ల 29 లక్షలు. అదే తరంలో ప్లేస్టేషన్ 2 పదిహేను కోట్లు దాటింది, మైక్రోసాఫ్ట్ ఎక్స్‌బాక్స్ సుమారు 2 కోట్ల 40 లక్షల దగ్గర ఆగింది. ఇక్కడ చాలామంది ప్లేస్టేషన్‌తో పోలిక పెట్టి వదిలేస్తారు. మీరు ఎక్స్‌బాక్స్‌తో పోల్చండి. అమ్మకాల్లో రెండూ ఇంచుమించు ఒక్కటే. అయినా ఎక్స్‌బాక్స్‌ను ఎవరూ పిల్లల డబ్బా అనలేదు. మైక్రోసాఫ్ట్ ఆ డబ్బా మీద విపరీతంగా నష్టపోయింది కూడా. కానీ 2005లో ఎక్స్‌బాక్స్ 360 వచ్చేసరికి "ఇది ఎవరిది?" అని అడిగే అవసరం ఎవరికీ రాలేదు, హేలో అనే షూటింగ్ ఆట ఆడే కుర్రాళ్లది అని అప్పటికే అందరికీ తెలుసు. అమ్మకాలు ఒకటే అయినా ఒకదానికి గుర్తింపు మిగిలింది, ఇంకోదానికి ముద్ర మిగిలింది. మీ ప్రాజెక్టుకు అసలు సరుకు ఇక్కడే ఉంది.

ఆ ముద్ర గేమ్‌క్యూబ్‌తో మొదలవలేదు. పదేళ్ల ముందే పడింది. 1990 ప్రాంతంలో అమెరికాలో నింటెండోకు పోటీ కంపెనీ సెగా తన జెనెసిస్ కన్సోల్‌ను అమ్మడానికి నింటెండో పేరు పెట్టి మరీ ఎగతాళి చేసింది. నింటెండో చేయలేనిది జెనెసిస్ చేస్తుందని, పేరు మీద పన్ చేసి. కుర్రవాళ్లదొకటి, వాళ్ల తమ్ముళ్లదొకటి అన్న గీత గీసింది సెగాయే. తర్వాత 1993 సెప్టెంబరులో మోర్టల్ కోంబాట్ అనే కొట్లాట ఆట ఇళ్లకొచ్చింది. సెగా డబ్బాలో ఒక కోడ్ కొడితే రక్తం వచ్చేది. నింటెండో డబ్బాలో రక్తం బదులు చెమటలాంటి బూడిదరంగు చుక్కలు వచ్చేవి. నింటెండో దృష్టిలో అది బాధ్యత. పద్నాలుగేళ్ల కుర్రాడి దృష్టిలో అది అమ్మ పెట్టిన ఆంక్ష. ఆ ఆట సెగాలోనే ఎక్కువ అమ్ముడైంది. మరుసటేడు రెండో భాగానికి నింటెండో రక్తాన్ని ఉండనిచ్చింది గానీ, బళ్లో చర్చ అప్పటికే అయిపోయింది.

ఆ తర్వాత సోనీ వచ్చింది. 1995లో ఇంగ్లండులో ప్లేస్టేషన్‌ను బొమ్మల షాపుల దగ్గర ఆపకుండా నైట్‌క్లబ్బుల్లోకి తీసుకెళ్లారు. వైపౌట్ అనే రేసింగ్ ఆటకు షెఫీల్డ్‌కు చెందిన ద డిజైనర్స్ రిపబ్లిక్ చేత గ్రాఫిక్స్ చేయించారు, కెమికల్ బ్రదర్స్, లెఫ్ట్‌ఫీల్డ్ లాంటివాళ్ల పాటలు పెట్టారు. శనివారం రాత్రి డాన్సు చేసొచ్చిన ఇరవై రెండేళ్లవాడు సోఫాలో కూలబడి ఆడుకునే వస్తువు ఇది అని చూపించారు. సోనీ తెలివి ఏమిటంటే, పిల్లల్ని ఒక్కమాటైనా అనలేదు, వద్దనీ చెప్పలేదు. పన్నెండేళ్లవాడికి ఇరవై రెండేళ్లవాడిలా కనబడాలనే ఉంటుంది కదా, వాడూ అదే కొన్నాడు.

అయితే నింటెండో 64 కాలంలో కూడా నింటెండోకు పెద్దవాళ్లు లేకపోలేదు. 1997లో వచ్చిన జేమ్స్ బాండ్ షూటింగ్ ఆట గోల్డెన్‌ఐ 80 లక్షలు అమ్ముడైంది. నలుగురు కుర్రాళ్లు, నాలుగు కంట్రోలర్లు, ఒక టీవీ. హాస్టల్ గదుల్లో డిగ్రీలు పాడుచేసిన ఆట అది. దాన్ని చేసింది ఇంగ్లండులోని రేర్ అనే స్టూడియో. 2002 సెప్టెంబరులో మైక్రోసాఫ్ట్ ఆ స్టూడియోను 37 కోట్ల 50 లక్షల డాలర్లకు కొనేసింది. అప్పటికే హాస్టల్ గదుల్లో హేలో నడుస్తోంది. అంటే గేమ్‌క్యూబ్ మొదటి ఏడాదిలోనే నింటెండో చేతిలో ఉన్న కాలేజీ కుర్రాడు గోడ దూకాడు. నన్నడిగితే ఇది ప్రకటనల లోపం కన్నా పెద్ద దెబ్బ. ఎందుకో గానీ చాలా వ్యాసాల్లో ఇది ఒక వాక్యంలో అయిపోతుంది.

ఇప్పుడు డబ్బా దగ్గరకొద్దాం.

షాపులో మాకు వరసగా మూడు అరలు ఉండేవి. ప్లేస్టేషన్ 2 నిలబెట్టి పెట్టేవాళ్లం. నల్లగా, సన్నగా, స్టీరియో సిస్టంలో ఒక భాగంలా ఉండేది. ఎక్స్‌బాక్స్ బరువుగా, నల్లగా, మధ్యలో పచ్చటి గుండ్రంతో ఉండేది. మూడోది ఊదారంగు పెట్టె. జానెడు వెడల్పు కూడా ఉండదు, వెనకాల మోసుకెళ్లడానికి పిడి. నలుపు రంగులో కూడా వచ్చింది గానీ, పోస్టర్ల మీద, డెమో స్టాండు మీద, పత్రికల్లో కనబడ్డదంతా ఊదా. పిడి ఎందుకు పెట్టారో తెలుసుకుంటే మంచి ఆలోచనే అనిపిస్తుంది: స్నేహితుడింటికి పట్టుకెళ్లి ఆడుకోమని. జపాన్‌లో అది సహజంగానే తోచి ఉంటుంది. మా షాపుకొచ్చిన పదిహేనేళ్లవాడికి మాత్రం అది టిఫిన్ క్యారియర్ పిడిలా కనబడింది.

ఒక శనివారం తల్లి, ఇద్దరు కొడుకులు వచ్చారు. పెద్దవాడికి పద్నాలుగుంటాయి, చిన్నవాడికి ఏడెనిమిది. తల్లికి ధర నచ్చింది. అప్పట్లో గేమ్‌క్యూబ్ 129 పౌండ్లు, మిగతా రెండూ దానికన్నా బాగా ఎక్కువ. డెమోలో ఇద్దరూ ఆడారు. పెద్దవాడు బాగా ఆడాడు, నవ్వాడు కూడా. తల్లి "ఇదే తీసుకుందామా?" అనగానే కంట్రోలర్ కింద పెట్టేసి, "వీడికి తీసుకో" అని తమ్ముణ్ని చూపించి ప్లేస్టేషన్ అర దగ్గరకు వెళ్లిపోయాడు. వాడికి ఆట నచ్చలేదని కాదు. సోమవారం బళ్లో ఏం చెప్పాలన్నదే వాడి సమస్య. ఇలాంటి దృశ్యం మా కౌంటర్ దగ్గర మామూలే.

కంట్రోలర్‌ను కాస్త దగ్గరగా చూడాలి, ఎందుకంటే చిక్కంతా అందులో కనబడుతుంది. మధ్యలో పెద్ద ఆకుపచ్చ బటన్, ఎ. దాని పక్కన చిన్న ఎర్రది, బి. ఎ చుట్టూ చిక్కుడుగింజ ఆకారంలో వంగిన రెండు బూడిదరంగు బటన్లు. కింద పసుపుపచ్చ చిన్న స్టిక్. ఎప్పుడూ ఆట ఆడనివాడి చేతికిచ్చినా బొటనవేలు దానంతటదే ఆకుపచ్చ బటన్ మీద పడుతుంది. ఏది ముఖ్యమో చెప్పక్కర్లేదు. ప్లేస్టేషన్ కంట్రోలర్‌లో నాలుగు బటన్లు ఒకే సైజు, కొత్తవాడు తడుముకుంటాడు. పనితనంలో చూస్తే నా దృష్టిలో గేమ్‌క్యూబ్ కంట్రోలర్ ఆ తరంలో అన్నిటికన్నా మేలైనది, చేతిలో అమిరినట్టు ఇంకోటి అమరలేదు. కానీ పెద్ద ఆకుపచ్చ, చిన్న ఎరుపు, పసుపు. కొత్తవాళ్లను భయపెట్టకూడదని చేసినదంతా గాజు తలుపు అవతలనుంచి చూసేవాడికి ఆటబొమ్మలాగే ఉంది. కొత్తవాళ్లను పిలుద్దామని చేసిన వస్తువు, ఆ కొత్తవాళ్లెవరూ అడుగుపెట్టని షాపులో కూర్చుంది. అక్కడికి వచ్చేదంతా పాత ఆటగాళ్లే.

డిస్క్ సంగతి. అప్పట్లో డీవీడీ ప్లేయర్ అంటే ఇంట్లో ఖరీదైన వస్తువు. ప్లేస్టేషన్ 2 కొంటే అదీ వచ్చేసేది. నాన్నను ఒప్పించడానికి అంతకన్నా వాదన ఏం కావాలి! ఎక్స్‌బాక్స్‌కు రిమోట్ విడిగా కొనుక్కుంటే అదీ సినిమాలు వేసేది. గేమ్‌క్యూబ్ మాత్రం 8 సెంటీమీటర్ల చిన్న డిస్క్ పెట్టుకుంది. పట్టేది ఒకటిన్నర గిగాబైట్లు, మామూలు డీవీడీలో మూడోవంతు. నకిలీ డిస్కుల బెడద తప్పించుకోవడానికి అది పనికొచ్చింది. కానీ ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అన్నట్టు, హాల్లో టీవీ కింద చోటు సంపాదించే అవకాశం పోయింది. సినిమాలు వేసే పెట్టె హాల్లో ఉంటుంది, ఇంట్లో అందరిదీ అవుతుంది. ఆటలు మాత్రమే ఆడే ఊదా పెట్టె పిల్లల గదిలోకి పోతుంది. జపాన్‌లో పానాసోనిక్ 2001 చివర్లో 'క్యూ' అని ఒక మోడల్ తెచ్చింది, అద్దంలా మెరిసే ముందుభాగంతో, డీవీడీ కూడా వేసేది, లోపల గేమ్‌క్యూబే. చూస్తే పెద్దవాళ్ల వస్తువులా దర్జాగా ఉంటుంది. జపాన్ దాటి రాలేదు, ధర కూడా గేమ్‌క్యూబ్, డీవీడీ ప్లేయర్ విడివిడిగా కొన్నా అంతకావనిపించేంత.

మొదటి ఏడాది ఆటలు. అమెరికాలో 2001 నవంబరు 18న గేమ్‌క్యూబ్ వచ్చింది, దానికి మూడు రోజుల ముందు ఎక్స్‌బాక్స్, అంతకు ముందు నెల ప్లేస్టేషన్ 2 మీద నేరస్థుడిగా ఊరంతా తిరిగే గ్రాండ్ థెఫ్ట్ ఆటో 3. ఆ వరసలో నింటెండో పెట్టింది లూయీజీస్ మాన్షన్, మారియో తమ్ముడు వాక్యూమ్ క్లీనర్‌తో దయ్యాలు పట్టుకునే ఆట. నాకు చాలా ఇష్టమైన ఆట, ఇప్పటికీ. కానీ ఆ నెలలో, ఆ రెండింటి పక్కన! స్టార్ వార్స్ రోగ్ లీడర్ కూడా లాంచ్‌లోనే ఉంది, చూస్తే కళ్లు తిరిగేలా. డెమో స్టాండులో ఏది ఎక్కువ తిరిగితే అదే కన్సోల్ ముఖం అవుతుంది.

నింటెండో సాహస ఆటల వరస జెల్డా మీద జరిగిన గొడవ గురించి మీరు చదివే ఉంటారు. 2000 ఆగస్టులో నింటెండో తన స్పేస్‌వరల్డ్ ప్రదర్శనలో ఒక చిన్న క్లిప్ చూపించింది. హీరో లింక్, విలన్ గానన్‌డార్ఫ్ కత్తియుద్ధం, నిజం మనుషుల్లా. అందరూ అదే వస్తుందనుకున్నారు. ఏడాది తిరిగేసరికి చూపించిందేమో పెద్ద కళ్ల కార్టూన్ లింక్. నెట్‌లో తిట్లే తిట్లు. ఆ ఆట, విండ్ వేకర్, అమెరికాకు 2003 మార్చిలో వచ్చింది. ఇవాళ చూసినా దాని బొమ్మలు పాతబడలేదు, అప్పటి 'నిజం లాంటి' ఆటలు చాలా వరకూ మైనంబొమ్మల్లా కనబడతాయి. ఆటవరకూ అది సరైన నిర్ణయం. కానీ అప్పటికే పిల్లల ముద్రతో అవస్థ పడుతున్న డబ్బాకు ఆ సమయంలో అది కలిసిరాలేదు. ఒక ఆటకు మంచిదైన నిర్ణయం ఆ ఆట నడిచే డబ్బాకు చేటు చేయొచ్చు. ఈ రెండు లెక్కలు ఎవరు కలిపి చూడాలన్నది ఏ కంపెనీలోనైనా పెద్ద తలనొప్పే.

మరి పెద్దవాళ్ల ఆటలే లేవా అంటే, ఉన్నాయి, దండిగా. 2002లో రెసిడెంట్ ఈవిల్ అనే భయపెట్టే ఆటను మళ్లీ కొత్తగా చేసి గేమ్‌క్యూబ్‌కు మాత్రమే ఇచ్చింది ఆటల కంపెనీ క్యాప్‌కామ్. అదే ఏడాది జూన్‌లో ఎటర్నల్ డార్క్‌నెస్ వచ్చింది, పదిహేడేళ్లు దాటినవాళ్లకన్న రేటింగ్‌తో నింటెండో స్వయంగా ప్రచురించిన తొలి ఆట. నవంబరులో మెట్రాయిడ్ ప్రైమ్. అదే నెలలో క్యాప్‌కామ్ గేమ్‌క్యూబ్ కోసం ఐదు కొత్త ఆటలు ప్రకటించింది. వాటిలో ఒకటి మధ్యలోనే ఆగిపోయింది. ఒకటి రెసిడెంట్ ఈవిల్ 4. అది 2005 జనవరిలో వచ్చింది. ఆ కాలపు గొప్ప ఆటల్లో ఒకటి, రెండు చిన్న డిస్కుల్లో. కానీ అది రాకముందే ప్లేస్టేషన్ 2కు కూడా వస్తుందని క్యాప్‌కామ్ చెప్పేసింది, అన్నట్టే అదే ఏడాది అక్టోబరులో వచ్చింది. అప్పటికే ప్లేస్టేషన్ ఉన్న పెద్దవాడు, దానికోసం ఊదా పెట్టె ఎందుకు కొంటాడు? కొన్ని నెలలు ఆగుతాడు.

"మా దగ్గరా పెద్దవాళ్ల సరుకుంది" అని జాబితా చదివితే ముద్ర చెరగదు. షాపులో నేను కస్టమర్లకు ఎటర్నల్ డార్క్‌నెస్ డబ్బా తీసి చూపించేవాణ్ని. చూసేవాళ్లు, "ఓహో, దీంట్లో ఇలాంటివీ వస్తాయా?" అనేవాళ్లు, పెట్టేసేవాళ్లు. ఆ 'ఇలాంటివీ'లో ఉన్న 'కూడా'తోనే చిక్కు. మినహాయింపుగా చూశారంటే పాత నమ్మకం అలాగే ఉందన్నమాట. నింటెండో 2003లో అమెరికాలో 'నువ్వెవరు?' అన్న నినాదంతో ప్రచారం నడిపింది. మంచి ప్రకటనలే. కాకపోతే కంపెనీ జవాబు చెప్పాల్సిన ప్రశ్నను కొనేవాడినే అడిగినట్టయింది. ఆ ఏడాదే గోదాముల్లో సరుకు పేరుకుపోయి కొన్ని నెలలు తయారీ ఆపేశారు. సెప్టెంబరులో అమెరికాలో ధర 99 డాలర్లకు దించాక అమ్మకాలు మళ్లీ లేచాయి. అయితే 99 డాలర్ల ధర కూడా ఒక మాట చెబుతుంది: ఇది రెండో కన్సోల్, పిల్లలకు కొనిపెట్టేది.

నాకు తెలిసిన మరో కేసు. ఇక్కడే హైదరాబాద్‌లో, పేరెందుకులెండి, ఒక కంపెనీ బ్లూటూత్ స్పీకర్ చేసింది. శబ్దం ఆ ధరలో చాలా బాగుంది. డబ్బా మీద ముదురు రంగులు, నవ్వే బొమ్మ. కోఠీలో, ఆబిడ్స్‌లో డీలర్లు దాన్ని స్పీకర్ల వరసలో పెట్టలేదు, బహుమతి వస్తువుల వరసలో పెట్టారు. పుట్టినరోజులకు పోయింది గానీ, స్పీకర్ కావాలని వచ్చినవాడి కంట పడలేదు. తర్వాత డబ్బా మార్చారు, ప్రకటనలు మార్చారు. డీలరు మాత్రం కొత్త డబ్బాను కూడా పాత అరలోనే పెట్టాడు. ఆ వస్తువు అక్కడిదని అతనికి అలవాటైపోయింది. కొత్త పేరుతో, కొత్త ఆకారంతో వచ్చేవరకూ ఆ అర మారలేదు. గేమ్‌క్యూబ్‌కూ ఇదే జరిగింది. తర్వాత నింటెండో చేసింది కూడా అదే.

2006 నవంబరులో నింటెండో తర్వాతి కన్సోల్ 'వీ' (Wii) వచ్చింది. మీ ప్రాజెక్టుకు ఇంతకన్నా మంచి పోలిక దొరకదు, ఎందుకంటే లోపల ప్రాసెసర్, గ్రాఫిక్స్ చిప్ రెండూ గేమ్‌క్యూబ్‌వే, వేగం పెంచినవి. మొదట్లో వచ్చిన వీ పెట్టెలు గేమ్‌క్యూబ్ డిస్కులు కూడా నడిపేవి. దాదాపు అదే యంత్రం, కంపెనీ అదే, ఉద్దేశం కూడా అదే: అందరూ ఆడాలి. అమ్ముడైంది మాత్రం 10 కోట్ల 16 లక్షలు. ఏం మారింది? అందరూ అంటే ఎవరో చూపించారు. తెల్లటి పెట్టె, టీవీ రిమోట్ లాంటి కంట్రోలర్, దాని మీద కంటికి కనబడే ఒకే ఒక పెద్ద బటన్. ఆకుపచ్చ పోయింది. అమెరికా ప్రకటనల్లో ఇద్దరు జపాన్ పెద్దమనుషులు చిన్న కారులో వచ్చి, తలుపు కొట్టి, వంగి నమస్కరించి రిమోట్ అందిస్తారు. తలుపు తీసేవాళ్లలో తాతలున్నారు, పల్లెటూరివాళ్లున్నారు, సోఫాలో హాయిగా కూర్చున్న కుటుంబాలున్నాయి. జపాన్, దక్షిణ కొరియా తప్ప మిగతా చోట్ల డబ్బాతోపాటే వీ స్పోర్ట్స్ అనే ఆట ఇచ్చారు. అందులో బౌలింగ్ ఆడటం ఎవరికీ నేర్పక్కర్లేదు.

ఇది ఉన్నట్టుండి పుట్టిన తెలివి కాదు. 2002లో యమౌచీ తర్వాత ప్రెసిడెంటైన సతోరు ఇవాతా దీన్ని ముందు చేతిలో పట్టుకునే డీఎస్ మీద ప్రయోగించాడు. 2005లో జపాన్‌లో వచ్చిన మెదడు వ్యాయామం ఆటను కొన్నవాళ్లలో పెద్ద వయసువాళ్లూ ఉన్నారు. వీ కూడా అదే దారిలో వచ్చింది.

ఇక్కడ ఒక జాగ్రత్త. వీ విజయాన్ని ప్రకటనల ఖాతాలో వేయకండి. కంట్రోలరే మారిపోయింది, అంటే వస్తువే మారింది. అదే ప్రచారాన్ని గేమ్‌క్యూబ్‌కు తగిలిస్తే ఏమీ జరిగేది కాదని నా నమ్మకం. తాతగారు తలుపు తీసి ఏడెనిమిది బటన్లు, రెండు స్టిక్కులు ఉన్న కంట్రోలర్ చూస్తే తలుపు వేసుకునేవారు. వస్తువు ఒక మాట, ప్రకటన ఒక మాట చెబితే జనం వస్తువునే నమ్ముతారు. 2012లో వచ్చిన తర్వాతి కన్సోల్ వీ యూ విషయంలో తిరగబడింది ఇదే: పేరు విని అది పాత వీకి తగిలించుకునే పలక అనుకున్నారు చాలామంది. 1 కోటి 35 లక్షల దగ్గర ఆగిపోయింది.

గేమ్‌క్యూబ్ వైఫల్యం అని రాసేటప్పుడు ఇంకో సంగతి కూడా చూసుకోండి. కొన్నవాళ్లెవరు, ముద్ర ఎవరిది అన్నవి రెండూ ఒకటి కావు. ఆ డబ్బా మీద అన్నిటికన్నా ఎక్కువ అమ్ముడైన ఆట సూపర్ స్మాష్ బ్రదర్స్ మెలీ అనే కొట్లాట ఆట, 70 లక్షల పైచిలుకు. రెండు దశాబ్దాలు దాటినా దానికి టోర్నమెంట్లు జరుగుతున్నాయి, ఆడేవాళ్లంతా పెద్దవాళ్లే, పాత లావు టీవీలు మోసుకొచ్చి మరీ. నింటెండో ఆ గుంపును పెద్దగా ప్రోత్సహించింది కూడా లేదు. 'పిల్లల కన్సోల్' మీద పెరిగిన అత్యంత కఠినమైన ఆటగాళ్ల గుంపు ఇదే.

వినియోగదారుడు ఎవరన్నది వస్తువుకు పుట్టుకతో వచ్చేది కాదనడానికి మన దగ్గరే ఒక ఉదాహరణ ఉంది. అక్కడ నైట్‌క్లబ్బుల వారసత్వంతో, గ్రాండ్ థెఫ్ట్ ఆటోతో పెరిగిన అదే ప్లేస్టేషన్ 2ను భారతదేశంలో దాని చివరి ఏళ్లలో సోనీ కుటుంబాలకు అమ్మింది. 2009లో 'హనుమాన్: బాయ్ వారియర్' అని ఒక ఆట తెచ్చింది. చేసింది హైదరాబాద్‌కు చెందిన ఆరోనా టెక్నాలజీస్. రంగు మారలేదు, అదే నలుపు. ధర తగ్గి కొత్త ఇళ్లలోకి వెళ్లాక అది పిల్లల పెట్టె అయింది. అందుకని ఎవరూ దాన్ని చిన్నచూపు చూడలేదు కూడా, ఎందుకంటే ఇక్కడ పక్కన పెట్టి పోల్చి ఎగతాళి చేసేంత పోటీ లేదు. ముద్ర అన్నది పోలికలో పుడుతుందని నేను ఎప్పుడూ చెప్పేది ఇందుకే. గేమ్‌క్యూబ్ ఒంటరిగా ఉంటే ఊదారంగు అందమైన రంగు.

మీ ప్రాజెక్టుకు ప్రశ్నను కొంచెం మార్చమంటాను. "లక్ష్య వినియోగదారుడు ఎవరు?" అని కంపెనీ కాగితాల్లో వెతికితే 'అన్ని వయసులవారు' అనే దొరుకుతుంది, గేమ్‌క్యూబ్‌కూ అదే, వీకీ అదే. దాని బదులు "ఇది కొన్నాక నలుగురిలో నేనెలా కనబడతాను?" అని కొనేవాడి వైపునుంచి అడగండి. గేమ్‌క్యూబ్ జవాబు: తమ్ముడిలా. వీ జవాబు: ఇంటికొచ్చినవాళ్లందరితో కలిసి ఆడేవాడిలా.

చూడాల్సిన వీడియోలు మూడు. స్పేస్‌వరల్డ్ 2000 జెల్డా క్లిప్, వీ ప్రకటన, 2016 అక్టోబరులో వచ్చిన నింటెండో మరో కన్సోల్ స్విచ్ మొదటి ట్రైలర్. మూడోది కాగితం, పెన్ను పట్టుకుని చూడండి. విమానంలో ఒకడు, బాస్కెట్‌బాల్ కోర్టులో కొందరు, మేడ మీద పార్టీలో ఇంకొందరు, అంతా పాతికేళ్ల అటూ ఇటూ ఉన్నవాళ్లే. చిన్నపిల్లలు ఎక్కడున్నారో వెతికి రాసుకోండి. ఆ తర్వాత మీ కాలనీలో స్విచ్ ఎవరి చేతుల్లో ఉందో కనుక్కోండి. ఈ రెండు కాగితాలూ పక్కపక్కన పెడితే మీ మూడో అధ్యాయం వచ్చేస్తుంది. వైవాకు ముందు గేమ్‌క్యూబ్ కంట్రోలర్ ఒకటి ఎవరి దగ్గరైనా దొరికితే చేత్తో పట్టుకుని చూడండి, ఫొటోలో చూసి రాయకండి.